మానిటర్ మొఖం మనవైపు తిప్పాలె

(ఊర్లలో కంప్యూటర్, ఇంటర్నెట్ కేంద్రాల గురించి విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఊర్లకు కంప్యూటర్లు, ఇంటర్నెట్ కేంద్రాలు ఎట్ల రావాలె అనే విషయం మీద మాట్లాడుమన్నరు. మీలో కొందరు నవ్వుతున్నరు. ఎందుకో నాకు తెలుసు. మీసేవ వచ్చింది, ఇంటింటికీ ఫోన్ వచ్చింది, ఇప్పుడు ఇంకా ఈ ముచ్చటేంది అనుకుంటున్నరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనీకే నేను వచ్చిన.

రేపు వీలైతే ఒక పని చేయండి. మీ మండల కేంద్రంలో ఏదైనా మీసేవకు పోయి ఓ గంట సేపు ఊరికే నిలబడండి. ఒక రైతు వస్తడు. పాసుబుక్కు, ఆధార్ కార్డు బల్ల మీద పెడతడు. ఆపరేటర్ తలెత్తకుండ పేరడుగుతడు, ఫోన్ నంబర్ అడుగుతడు, ఓటీపీ చెప్పుమంటడు. టకటక కొడతడు. కాయితం తీసి చేతిలో పెడతడు, పైసలు తీసుకుంటడు, "నెక్స్ట్" అంటడు. ఈ పది నిమిషాలూ రైతు దేన్ని చూస్తూ నిలబడ్డడు? మానిటర్ వీపును. తన భూమి గురించి, తన పేరు గురించి, తన పింఛన్ గురించి అందులో ఏం రాసిండ్రో ఆయనకు తెలియదు. సర్వే నంబర్ పక్కన ఒక అక్షరం తప్పు పడితే ఆయనకు తెలిసేది ఆరు నెలల తర్వాత, బ్యాంకులోనో తహసీల్దార్ ఆఫీసులోనో.

ఈ దృశ్యం మనకు కొత్తది కాదు. మన తాతలు పట్వారీ ముందు ఇట్లనే నిలబడ్డరు. నిజాం కాలంలో సర్కారు కాయితం ఉర్దూలో ఉండేది. సదువు లేని తెలుగు రైతుకు పహాణీలో ఏమున్నదో పట్వారీ చెప్తేనే తెలిసేది. ఆయన ఏది చెప్తే అదే నిజం. వెట్టి అన్నది దొర కొరడాతో ఎంత నడిచిందో, పట్వారీ దస్తూరితో అంతే నడిచింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసిండ్రు. సంతోషం. కానీ దస్తూరి పోయి కీబోర్డు వచ్చినంత మాత్రాన రైతు బల్లకు ఇవతలి నుంచి అవతలికి పోలేదు. ఆపరేటర్ దుర్మార్గుడని నేను అంటలేను, మన పిల్లగాడే. దరఖాస్తుకు ఇంత అని కమీషన్ మీద బతుకుతున్నడు. ఒక ముసలాయనకు కూర్చోబెట్టి చదివి వినిపిస్తే ఆ టైంలో ఆయనకు నాలుగు దరఖాస్తులు పోతయి. తప్పు ఆ పిల్లగానిది కాదు, ఆ కేంద్రాన్ని అట్ల తయారు చేసిన వాళ్లది.

ఎవరు తయారు చేసిండ్రు? కొంచెం వెనుకకు పోదాం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ కాలంలో ప్రపంచమంత హైదరాబాద్ వైపు చూస్తున్నదని రోజూ పేపర్లలో రాసిండ్రు. అదే కాలంలో పాలమూరు నుంచి ముంబైకి లేబర్ బస్సులు నిండుగ పోతున్నయి. 1999లో జంట నగరాల్లో బిల్లులు ఒక్క దగ్గర కట్టే ఏర్పాటు ప్రయోగాత్మకంగా మొదలైంది, 2001లో అదే ఈసేవ అయింది. మంచి పనే. పట్నంల ఉద్యోగికి కరెంటు ఆఫీసు ముందు లైను తప్పింది. 2002లో పశ్చిమ గోదావరి జిల్లాలో రూరల్ ఈసేవ అని పల్లెలకు తీసుకపోయిండ్రు. అక్కడ కొన్ని కేంద్రాలను మహిళా సంఘాల చేతుల్లో పెట్టిండ్రు. అది మనది కాని జిల్లా అని నేను ఆ మాట దాచిపెట్టను. ఆడవాళ్ల చేతికి కీబోర్డు ఇచ్చుడు మంచి ఆలోచన.

తర్వాత 2006లో కేంద్ర ప్రభుత్వం దేశమంత లక్ష కామన్ సర్వీస్ సెంటర్లు పెడతమన్నది. 6 లక్షల ఊర్లకు లక్ష కేంద్రాలు, అంటే ఆరు ఊర్లకు ఒకటి. నడిపేది ప్రైవేటు ఏజెన్సీలు, ఊర్లో కూర్చునేది ఒక చిన్న వ్యాపారి. అక్కడనే పని చెడ్డది. ఊరికి ఏం తెలియాలె అనే ప్రశ్న పక్కకు పోయి, ఈ కేంద్రం నెలకు ఎంత సంపాదిస్తది అనే ప్రశ్న ముందుకు వచ్చింది. 2011 నవంబర్‌లో చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ కూడ అదే కమీషన్ బాట పట్టింది. సర్టిఫికెట్ తొందరగ వస్తున్నది, కాదనను. కానీ అది కౌంటర్. కేంద్రం కాదు.

మరి కేంద్రం అంటే ఎట్లుంటది? పుదుచ్చేరి ముచ్చట చెప్త.

1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ పుదుచ్చేరి చుట్టుపక్కల పల్లెల్లో విజ్ఞాన కేంద్రాలు మొదలు పెట్టింది. అప్పుడు మన దేశంల ఇంటర్నెట్ అంటే పట్నాల్లోనే సరిగ తెలియదు. ముందు ఊరోళ్లను అడిగిండ్రు, మీకు ఏం కావాలె అని. ఆ తర్వాత షరతు పెట్టిండ్రు. జాగ ఊరు ఇయ్యాలె. కరెంటు బిల్లు ఊరు చూసుకోవాలె. నడిపేది ఊరి మనుషులే, అందులో ఆడవాళ్లు ఉండాలె. ఇంకో షరతు అన్నిటికన్న గట్టిది: ఆ గదిలోకి దళితులతో సహా అందరూ రావాలె, రానియ్యకపోతే కేంద్రం లేదు. మిత్రులారా, ఈ ఒక్క షరతు మన ఊర్లలో పెట్టి చూడండి, ఎన్ని ఊర్లలో జాగ మార్చవలసి వస్తదో.

వీరాంపట్టినం అని అక్కడ మత్స్యకారుల ఊరు ఉన్నది. వాళ్లకు కావాల్సింది ఒక్కటే, రేపు సముద్రంలో అల ఎంత ఎత్తు లేస్తది అని. ఆ వివరం అమెరికా నౌకాదళం వెబ్‌సైట్‌లో దొరికేది. కేంద్రంల ఉన్న పిల్లలు దాన్ని తీసుకొని తమిళంలో రాసి, మైకులో చదివేటోళ్లు. కంప్యూటర్ ముందు కూర్చున్నది ఒక్కరు, విన్నది ఊరంత. చదువు రాని మనిషికి ఇంటర్నెట్ అట్ల అందింది, లౌడ్‌స్పీకర్ ద్వార.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. నల్లవాడు అనే ఇంకో ఊర్లో కూడ ఇటువంటి కేంద్రమే ఉన్నది. ఆ ఊరి పిల్లగాడొకడు సింగపూర్‌లో పని చేస్తున్నడు. అక్కడ వార్త విని ఇంటికి ఫోన్ చేసిండు. ఊరోళ్లు కేంద్రం కాడికి ఉరికిండ్రు, మైకులో చెప్పిండ్రు, జనం ఖాళీ చేసిండ్రు. ఇండ్లు పోయినయి, పడవలు పోయినయి, మనుషులు మిగిలిండ్రు. ఆ రోజు వాళ్లను కాపాడింది ఇంటర్నెట్ కూడ కాదు, ఒక ఫోను, ఒక మైకు. కానీ మైకు ఎక్కడున్నదో, ఎవరు పట్టుకోవాల్నో, ఆ గొంతును ఊరు నమ్ముతదా లేదా అన్నది అంతకు ముందే తేలిపోయి ఉన్నది. అది కమీషన్ కౌంటర్‌తోని వచ్చేది కాదు.

కేరళ సంగతి కూడ రెండు మాటలు. 2002లో మలప్పురం జిల్లాలో అక్షయ మొదలైంది. ప్రతి ఇంటి నుంచి కనీసం ఒక్కరికి కంప్యూటర్ తాకడం నేర్పాలని పెట్టుకున్నరు. ముందు నేర్పిండ్రు, తర్వాత సేవలు అమ్మిండ్రు. మనకాడ తిరగబడ్డది, సేవలు అమ్ముడు మొదలైంది, నేర్పుడు రానే లేదు. ఆ కేంద్రాలు కూడ ఇప్పుడు ఎక్కువ భాగం సేవల దుకాణాలే. అయినా మొదట నేర్పిన చదువు ఇండ్లల్ల మిగిలింది కదా.

ఇప్పుడు మన రాష్ట్రం. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. తెచ్చుకున్నం. వలస పాలకులు పల్లెను పట్టించుకోలేదని పద్నాలుగేండ్లు ఉపన్యాసాలు చెప్పిన నోటితోనే ఈ మాట కూడ చెప్పాలె: మన పాలనలో కూడ మానిటర్ అటువైపే ఉన్నది. 2020 అక్టోబర్ 29న ధరణి మొదలైంది. దానికి నెల ముందే వీఆర్వో వ్యవస్థను రద్దు చేసిండ్రు. ఊర్లో అడిగే మనిషి లేడు, పోర్టల్ ఊర్లో లేదు. అక్షరం రాని రైతు కూడ టీఎం 33 అనే మాట నేర్చుకున్నడు, ఎందుకంటే తప్పు దిద్దుకోవాలంటే ఆ నంబరు మాడ్యూల్‌లో దరఖాస్తు పెట్టాలె. ఏ పార్టీ మీదనో కోపంతో చెప్తలేను. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది, ఊర్లకు గ్రామ పాలనా అధికారులను మళ్ల నియమించిండ్రు. పోర్టల్ పేరు మారుతది. తన భూమి లెక్క తాను తెరిచి చూసుకునే రైతు తయారైండా అన్నదే లెక్క.

విద్యార్థులకు చెప్తున్న, మీ సంగతి కూడ ఇందులోనే ఉన్నది. 2016 నుంచి డిగ్రీ సీటు దోస్త్‌లో ఆన్‌లైన్. ఉద్యోగ నోటిఫికేషన్‌కు వన్ టైం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్. 2018 నుంచి ఎంసెట్ పరీక్షే కంప్యూటర్ మీద. పట్నం పిల్ల ఇంట్లో కంప్యూటర్ మీద పది మాక్ టెస్టులు రాసి పోతది. తండా పిల్ల మౌస్ పట్టుకునేది మొదటిసారి పరీక్ష హాల్లోనే. ఇద్దరికీ అదే పేపర్, అదే మూడు గంటలు. దీన్ని మెరిట్ అంటున్నరు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇండ్లు నూటికి 4.4, పట్నాల్లో 23.4 అని తేలింది. నియామకాల కొరకు కొట్లాడిన ఉద్యమం మనది. నియామకానికి పోయే తొవ్వ ఇప్పుడు కీబోర్డు మీదుగ పోతున్నది.

మాకు తెలిసిన ఒక పిల్ల ఉద్యోగ దరఖాస్తు మండల కేంద్రంలో నెట్ సెంటర్‌లో నింపిచ్చుకున్నది. చివరి రోజు, జనం ఎక్కువ. కులం కాలమ్‌లో ఒక గడి తప్పు పడ్డది. ఆమెకు అది తెలిసింది హాల్ టికెట్ వచ్చినంక. ఏడాదిన్నర చదివింది ఆ పిల్ల. దిద్దుకునే గడువు దాటిపోయింది. ఆ రోజు ఆ స్క్రీన్ ఆమె వైపు ఉండి ఉంటే, కొట్టేటప్పుడే "అన్నా, అది కాదు" అనేది. అంతే. ఒక్క మాట. ఆ మాట అనే జాగ ఆమెకు లేకుండె.

ఫోన్ ఉన్నది కదా అంటరు. ఉన్నది. ఎవరి చేతిలో ఉన్నది? ఇంటికి ఒకటి ఉంటే అది కొడుకు జేబుల ఉంటది. 2020 సెప్టెంబర్ 1న కరోనా కాలంలో సర్కారు బడి పిల్లలకు టీవీలో, ఫోన్లలో పాఠాలు మొదలైనయి. ఇద్దరు పిల్లలున్న కూలి ఇంట్లో ఫోను ఎవరికి ఇయ్యాలె అన్న పంచాయితీ మనం కండ్లార చూసినం. ఆడపిల్లకు ఇచ్చిన ఇండ్లు ఎన్ని? చిన్న ఫోన్‌ల నాలుగు పేజీల దరఖాస్తు నింపుడు, సర్టిఫికెట్ స్కాన్ చేసి ఎక్కించుడు చేసినోళ్లకు తెలుసు ఆ తిప్పలు. ఫోన్ వీడియోలు చూపిస్తది, వద్దన్నా చూపిస్తది. టైపు కొట్టుడు, లెక్కల పట్టిక తయారు చేసుడు, ఒక అర్జీ సక్కగ రాసుడు దాని మీద నేర్చుకోలేం. గల్ఫ్‌కు పోయే కరీంనగర్, నిజామాబాద్ పిల్లల సంగతి ఇంకోటి. విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా ఉంటది. అప్పు చేసి లక్షలు కట్టే ముందు ఆ జాబితా చూసుకుంటే చాలు. ఊర్లో ఆ జాబితా తీసి చూపించే దిక్కు ఎవరు? చాలా ఊర్లల్ల ఆ ఏజెంటే.

వైరు సంగతి అడుగుతరు. దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేస్తమని 2011లో కేంద్రం నిర్ణయం తీసుకున్నది, 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టిండ్రు. మన దగ్గర మిషన్ భగీరథ పైపులతో పాటు టీ ఫైబర్ కేబుల్ కూడ పాతిండ్రు. 2024 డిసెంబర్‌లో కొన్ని ఊర్లలో ప్రయోగాత్మకంగా కనెక్షన్లు మొదలైనయి. పంచాయతీ దాక వైరు వచ్చుడు పెద్ద పనే. అయితే పంచాయతీ ఆఫీసు గోడకు తగిలించిన డబ్బాల లైట్లు వెలుగుతుంటే ఇంటర్నెట్ వచ్చినట్టు కాదు. ఆ గది తాళం ఎవరి దగ్గర ఉన్నది, సాయంత్రం ఆరు తర్వాత అది తెరిచి ఉంటదా అన్నది అడగాలె. కూలికి పోయే మనిషి, కాలేజీకి పోయే పిల్ల వచ్చేది ఆరు తర్వాతనే.

నా మాట ఏందంటే, దీనికి మనం కొత్త నమూనా కొరకు ఎక్కడికో పోవలసిన పని లేదు. మన దగ్గర గ్రంథాలయోద్యమం ఉన్నది. 1901లో హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం. మీటింగు పెట్టాలంటే సర్కారు పర్మిషన్ కావాల్సిన రాజ్యంల, పుస్తకం చదువుకునే పేరు మీద జనం కూడిండ్రు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకొని ఊరూరు తిరిగిండు. ఆ గదులల్ల ఒకడు పేపర్ చదివితే పది మంది విన్నరు. వీరాంపట్టినంల మైకు చేసింది అదే పని. గ్రంథాలయం నడిపినోళ్లు కమీషన్ తీసుకోలేదు, పుస్తకం వీపు చూపించి పైసలు అడగలేదు.

పైసలు ఎక్కడివి అంటరు కాబట్టి ఆ లెక్క కూడ చెప్త. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి రూపాయల పన్ను కడితే 80 రూపాయలు మీరు లైబ్రరీకి కట్టినట్టు. రసీదు తీసి చూడండి. అయిదు వందల ఇండ్లున్న ఊర్లో సగటున ఆరు వందల పన్ను అనుకుంటే, సెస్సు ఏడాదికి 24 వేలు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవాలె. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి కట్టకుండ బకాయి పెట్టినయని పేపర్లల్ల చదువుతనే ఉంటం. మన రాష్ట్రంల 12,700కు పైగ పంచాయతీలున్నయి. చాలా ఊర్లోళ్లు తమ ఊర్లో లేని లైబ్రరీకి ఏటా పైసలు కడుతున్నరు! ఆ 24 వేలు ఆ ఊరికే తిరిగి వస్తే ఒక్కో ఏడు ఒక్కో పాత కంప్యూటర్ కొనుక్కున్నా, నెట్ బిల్లు కట్టుకున్నా నాలుగేండ్లల్ల గది నిండుతది. నడిపే మనిషికి గౌరవ వేతనం మాత్రం దానితోని ఎల్లదు, అది సర్కారే ఇయ్యాలె. కమీషన్ మీద పెట్టొద్దు, పెడితే మళ్ల కౌంటరే అయితది.

ఉద్యోగ మిత్రులకు, ముఖ్యంగ టీచర్లకు ఒక మాట. 2008లో ఉమ్మడి రాష్ట్రంల అయిదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబులు వచ్చినయి. ప్రైవేటు సంస్థలకు అయిదేండ్ల ఒప్పందం. గడువు అయిపోయింది, ఇన్‌స్ట్రక్టర్లు రోడ్డున పడ్డరు, మిషన్లు దుమ్ము పట్టినయి. తాళం పోగొట్టుకుంటే జవాబు చెప్పాల్సి వస్తదని హెడ్మాస్టర్లు గది తెరవలేదు. వాళ్ల భయం నాకు తెలుసు, వస్తువు పోతే జీతం నుంచి కోస్తరు. కానీ తాళం వేసిన కంప్యూటర్ పోయిన కంప్యూటర్ కన్న ఏం మేలు? సకల జనుల సమ్మెలో 2011లో నలబై రెండు రోజులు జీతం వదులుకున్న ఉద్యోగులు మీరు. రిటైర్ అయినోళ్లు వారానికి రెండు సాయంత్రాలు ఊరి గదిలో కూర్చోండి. కాయితం తెలుగులో చదివి వినిపించండి. పిల్లలతో కొట్టించండి, మీరు కొట్టొద్దు.

విద్యార్థులు చేయాల్సింది వేరే ఉన్నది. గ్రామసభ రెండు నెలలకు ఒకసారి పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంల ఉన్నది. వచ్చే గ్రామసభకు పోండి. మూడు ప్రశ్నలు రాసుకొని పోండి. మన ఊర్ల గ్రంథాలయ సెస్సు గత అయిదేండ్లల్ల ఎంత వసూలైంది, ఎంత కట్టిండ్రు? పంచాయతీకి ఫైబర్ కనెక్షన్ వచ్చిందా, వస్తే దాన్ని ఎవరు వాడుతున్నరు? బడిలో పనిచేసే కంప్యూటర్లు ఎన్ని? జవాబు నోటితో చెప్తే ఒప్పుకోవద్దు, మినిట్స్‌లో రాయమనండి. రాయకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఊరి స్థాయిల దానికి ఫీజు లేదు. మండలంల 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజులల్ల జవాబు రావాలె. ఎనుక వరుసల ఆ చెల్లె చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి కూర్చున్నది, మైకు ఆమెకు ఇయ్యండి.